సరిహద్దు దాటిన ఎలక్ట్రాన్

ఎంఈహెచ్-పీపీవీ అని ఒక ప్లాస్టిక్ ఉంది. దాన్ని ద్రావణిలో కరిగించి, గాజుపలక మీద నాలుగు చుక్కలు వేసి, పలకను గిరగిరా తిప్పితే ద్రావణి ఆవిరైపోయి నారింజరంగు పొర ఒకటి మిగులుతుంది. దాని మందం ఇంచుమించు 100 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో పదివేలవ వంతు. చీకటిగదిలో ఈ పొర మీద అతినీలలోహిత కాంతి వేస్తే అది ఎర్రనారింజ వెలుగుతో మెరుస్తుంది. ఇప్పుడు అదే ద్రావణంలో కొంచెం ఫుల్లరిన్ కలిపి మరో పొర తీయండి. ఫుల్లరిన్ అంటే 60 కార్బన్ పరమాణువులు ఫుట్‌బాల్ ఆకారంలో అమరిన అణువు. 1985లో క్రోటో, కర్ల్, స్మాలీ దాన్ని కనిపెట్టి 1996లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ కొత్త పొర కూడా కాంతిని మునుపటిలాగే పీల్చుకుంటుంది. కానీ మెరవదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా ప్రాంగణంలో సరిచిఫ్ట్‌చి, స్మిలోవిట్జ్, హీగర్, వుడ్ల్ 1992లో ఈ సంగతిని ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. వెలుగు ఏదో కాస్త మందగించడం కాదు, వెయ్యి రెట్లకు పైగా తగ్గిపోయింది. పీల్చుకున్న కాంతి శక్తి ఎక్కడికో వెళ్ళిపోతోంది, అదీ వెలుగుగా మారే తీరిక లేనంత త్వరగా.

ఎంత త్వరగా అన్నది ఆ చీకటిని బట్టే లెక్క కట్టవచ్చు. ఇలాంటి ప్లాస్టిక్‌లో కాంతితో ఉత్తేజం పొందిన అణువు తిరిగి వెలుగు వదిలి చల్లబడడానికి కొన్ని వందల పికోసెకన్లు పడుతుంది. పికోసెకను అంటే సెకనులో లక్షకోటవ వంతు. 300 పికోసెకన్లు అనుకుందాం. వెలగవలసిన ప్రతి వెయ్యింటిలో 999 వెలగకుండా పోయాయంటే, వాటిని మరో దారి పట్టించిన చర్య వెలగడం కంటే వెయ్యి రెట్లు వేగంగా జరిగి ఉండాలి. 300ను వెయ్యితో భాగిస్తే 0.3 పికోసెకను, అంటే 300 ఫెమ్టోసెకన్లు. అతివేగ లేజర్లేవీ లేకుండా, ఒక వెలుగు ఆరిపోవడాన్ని బట్టి ఇంత సూక్ష్మమైన కాలాన్ని పట్టుకోగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంతకీ ఆ మరో దారి ఏమిటంటే, ఎలక్ట్రాన్ ప్లాస్టిక్‌ను వదిలి పక్కనున్న ఫుల్లరిన్ మీదికి దాటింది. ప్లాస్టిక్‌తో సౌరఘటం చేయాలనుకునేవాళ్ళకు అంతకంటే మంచివార్త లేదు. ఎందుకో తెలియాలంటే సిలికాన్‌కూ ప్లాస్టిక్‌కూ ఉన్న ఒక తేడా చూడాలి.

కాంతి పడ్డప్పుడు ఏ అర్ధవాహకంలోనైనా ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎగురుతుంది. దాని చోట రంధ్రం అనే ఖాళీ మిగులుతుంది. ఎలక్ట్రాన్‌ది రుణావేశం, రంధ్రానిది ధనావేశం, కాబట్టి రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. కరెంటు రావాలంటే రెండూ విడిపోవాలి. సిలికాన్‌లో ఇది సమస్యే కాదు. దాని రోధక స్థిరాంకం (ఆవేశాల మధ్య లాగుడును పదార్థం ఎన్ని రెట్లు తగ్గిస్తుందో చెప్పే అంకె) దాదాపు 12, పైగా ఎలక్ట్రాన్, రంధ్రం స్ఫటికంలో చాలా దూరం పరుచుకుని ఉంటాయి. వాటిని విడదీయడానికి 0.015 ఎలక్ట్రాన్ వోల్టు చాలు. మామూలు గది వేడిమే 0.025 ఎలక్ట్రాన్ వోల్టు ఇస్తుంది. అంటే పుట్టీ పుట్టగానే అవి విడిపోతాయి. కర్బన పదార్థాల్లో రోధక స్థిరాంకం మూడు నాలుగుకు మించదు, జంట నిలిచేది ఒకటి రెండు అణువుల మేర. ఒక నానోమీటరు ఎడంలో ఉన్న రెండు ఆవేశాల మధ్య బంధం 0.4 ఎలక్ట్రాన్ వోల్టు తేలుతుంది. గది వేడిమికి ఇది పదహారు రెట్లు. అందుకే ఇక్కడ ఎలక్ట్రాన్, రంధ్రం కలిసి ఎక్సైటాన్ అనే ఒకే కట్టుగా తిరుగుతాయి. ఎక్సైటాన్‌కు నికర ఆవేశం లేదు. కాబట్టి విద్యుత్ క్షేత్రం దాన్ని ఎటూ నడపలేదు. ఒక అణువు నుంచి మరో అణువుకు దిక్కు లేకుండా గెంతుతూ, సుమారు 10 నానోమీటర్లు తిరిగి, వెలుగుగానో వేడిగానో ముగిసిపోతుంది.

ఒక్క కర్బన పదార్థంతోనే సౌరఘటం చేయబోయిన వాళ్ళకు అందుకే ఏళ్ళ తరబడి ఒక్క శాతం సామర్థ్యం కూడా దక్కలేదు. దారి చూపింది కొడాక్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త చింగ్ టాంగ్. ఆయన 1986లో రెండు పొరల ఘటాన్ని ప్రకటించాడు. ఒక పొర కాపర్ థాలోసయనిన్. అచ్చు సిరాల్లో, రంగుల్లో, ప్లాస్టిక్ సామాన్లలో మనం రోజూ చూసే నీలం అదే. రెండో పొర పెరిలీన్ సంతతికి చెందిన ఒక వర్ణకం. మొదటిది ఎలక్ట్రాన్‌ను సులువుగా వదులుకునేది, అంటే దాత. రెండోది దాన్ని ఇష్టంగా పట్టుకునేది, అంటే గ్రహీత. రెంటి శక్తి స్థాయిల మధ్య ఒక మెట్టు ఉంటుంది. సరిహద్దుకు చేరిన ఎక్సైటాన్‌లోని ఎలక్ట్రాన్ ఆ మెట్టు దిగి గ్రహీత వైపు పోతుంది, రంధ్రం దాత వైపే ఉండిపోతుంది. ఆ ఘటం సామర్థ్యం సుమారు 1 శాతం. సామర్థ్యం చిన్నదే, ఆలోచన మాత్రం ఈ రంగమంతటికీ పునాది అయింది. ఆ మరుసటి ఏడాదే టాంగ్, వాన్ స్లైక్ ఇదే రెండు పొరల ఉపాయాన్ని తిరగేసి, కరెంటిచ్చి కాంతి రాబట్టే ఓఎల్ఈడీని చేశారు. ఈనాటి ఎన్నో ఫోన్ల తెరలు ఆ వంశంవే. థాలోసయనిన్ కథ కూడా అక్కడితో ఆగలేదు. ఆ అణువులనూ, వాటి దగ్గరి బంధువులైన పోర్ఫిరిన్లనూ సౌరఘటాల కోసం మలిచే పని మన హైదరాబాదులోని ఐఐసీటీలోనూ జరుగుతూ వచ్చింది.

టాంగ్ ఘటానికి ఒక చిక్కు ఉంది. ఎక్సైటాన్ తిరిగేది 10 నానోమీటర్లే. కాంతిని సరిగ్గా పీల్చుకోవాలంటే పొర 100 నానోమీటర్లయినా ఉండాలి. సరిహద్దు ఒక్కచోటే ఉంటే దూరంగా పుట్టినవన్నీ దారిలోనే ముగిసిపోతాయి. చేనుకు ఒక గట్టున మాత్రమే నీరుండి, పిల్లకాలువలు లేకపోతే అవతలి గట్టు ఎండిపోయినట్టే. 1995లో యూ, గావ్, హుమ్మెలెన్, వుడ్ల్, హీగర్ ఆ పిల్లకాలువలు తవ్వారు. హుమ్మెలెన్ బృందం తయారుచేసిన, ద్రావణిలో కరిగే ఫుల్లరిన్ పీసీబీఎంను ప్లాస్టిక్‌తో కలిపి పొర తీశారు. ఆరుతున్నప్పుడు రెండూ పది ఇరవై నానోమీటర్ల తావులుగా విడివడి ఒకదానిలో ఒకటి అల్లుకుపోతాయి. ఎక్సైటాన్ ఎక్కడ పుట్టినా సరిహద్దు దగ్గరలోనే ఉంటుంది.

అప్పటికి ఎలక్ట్రాన్ చాలా త్వరగా దాటుతోందని తెలుసు, అది ఎంత త్వరగానో నేరుగా కొలవాల్సి ఉంది. ఈ కొలత ఎలా చేస్తారో కాస్త దగ్గరగా చూద్దాం. గాలికాళ్ళ మీద తేలే బరువైన బల్ల, దాని నిండా వేలెడంత అద్దాలు, చీకటి గది. లేజర్ నుంచి వచ్చే ప్రతి మెరుపునూ సగం కాంతిని పారనిచ్చే అద్దంతో రెండు చేస్తారు. మొదటిది పొరను ఉత్తేజపరుస్తుంది. రెండోది, బలహీనమైనది, కొంచెం ఆలస్యంగా వచ్చి ఆ క్షణంలో పొర ఏ రంగును ఎంత పీలుస్తోందో చూసి పోతుంది. ఆలస్యం కల్పించడానికి రెండో మెరుపును చుట్టుదారిన పంపుతారు. ఆ దారిలో కదిలే పీఠం మీద రెండద్దాలు ఉంటాయి. పీఠాన్ని ఒకటిన్నర మైక్రాన్లు వెనక్కి జరిపితే కాంతికి పోనూ రానూ మూడు మైక్రాన్ల దూరం పెరుగుతుంది, అంటే 10 ఫెమ్టోసెకన్ల ఆలస్యం. ఇక్కడ కాలాన్ని కొలిచేది గడియారం కాదు, దూరం. ఉత్తేజపరిచే మెరుపుల్లో ఒకటి విడిచి ఒకదాన్ని ఆపుతూ ఒక రెక్కల చక్రం తిరుగుతుంటుంది, ఉత్తేజం ఉన్నప్పటి రంగునూ లేనప్పటి రంగునూ పోల్చడానికి. తేడా వెయ్యింట ఒక వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. అందుకే ఒక్కో ఆలస్యం దగ్గర వేల మెరుపుల సగటు తీసుకుంటారు. గది ఉష్ణోగ్రత కొంచెం మారినా అద్దాల అమరిక జరిగి కొలత చెడుతుంది. ఈ పద్ధతితో రసాయన చర్యల నడుమ అణువులను చూపినందుకే ఈజిప్టులో పుట్టిన అహ్మద్ జెవైల్‌కు 1999 నోబెల్ వచ్చింది.

ఎలక్ట్రాన్ దాటిందని తెలిసేదెలా? ఉత్తేజం పొందిన ప్లాస్టిక్ గుండా తన సొంత వెలుగు రంగున్న కాంతి పోతే ఆ కాంతి బలపడి బయటికి వస్తుంది. ఎలక్ట్రాన్ పోయి ధనావేశం మిగిలిన ప్లాస్టిక్ అలా బలపరచదు. పైగా పరారుణానికి దగ్గరి రంగుల్లో కొత్తగా కాంతిని పీల్చడం మొదలుపెడుతుంది. మొదటి గుర్తు మాసిపోవడం, రెండోది తలెత్తడం ఒకే వేగంతో జరిగితే దాటడం జరిగినట్టే. 2001లో బ్రాబెక్, సరిచిఫ్ట్‌చి తదితరులు మిలాన్‌లోని చెరూలో, దె సిల్వెస్ట్రి బృందంతో కలిసి ప్లాస్టిక్-పీసీబీఎం మిశ్రమంలో ఈ కొలత చేశారు. వాళ్ళకు వచ్చిన కాలం సుమారు 45 ఫెమ్టోసెకన్లు. ఆ వ్యవధిలో కాంతి పోయేది పదమూడున్నర మైక్రాన్లు, వెంట్రుక మందంలో అయిదో వంతు.

ఈ కాలాలు మనసుకు పట్టాలంటే గడియారాన్ని సాగదీయాలి. 45 ఫెమ్టోసెకన్లను ఒక సెకను చేద్దాం. ఈ గడియారంలో ఎలక్ట్రాన్ ఒక్క సెకనులో సరిహద్దు దాటింది. దాటకపోయి ఉంటే ఎక్సైటాన్ రెండు గంటలలోపు ముగిసిపోయేది. దాటిన ఎలక్ట్రాన్ వెనక్కి వచ్చి తన ఖాళీని పూడ్చడానికి శాంటా బార్బరా పదార్థంలో మైక్రోసెకన్ల కాలం పడుతుంది. ఒక్క మైక్రోసెకనే మన గడియారంలో ఎనిమిది నెలల పైమాట. అసలైన సెకను ఒకటి గడవాలంటే ఏడు లక్షల ఏళ్ళు.

దాటిన సెకను గురించి అందరూ చెబుతారు. నేను పాఠకులను నిలిచి చూడమనేది ఆ ఎనిమిది నెలలను. ఒకే సరిహద్దు, అవే రెండు అణువులు, అయినా వెళ్ళడానికి సెకను, రావడానికి నెలలు! కరెంటు అంటే ఈ వ్యత్యాసమే. వెళ్ళినంత సులువుగా తిరిగి వస్తే తీగల దాకా చేరేది సున్నా.

వ్యత్యాసం ఎందుకన్న ప్రశ్నకు రూడాల్ఫ్ మార్కస్ 1956లో మొదలుపెట్టి అభివృద్ధి చేసిన సిద్ధాంతం కొంత జవాబిస్తుంది. ఎలక్ట్రాన్ ఒక అణువు నుంచి మరోదానికి మారాలంటే చుట్టూ ఉన్న పరమాణువులు తమ చోట్లు కొంచెం సర్దుకోవాలి. శక్తి మెట్టు లోతయ్యేకొద్దీ మార్పిడి వేగం పెరుగుతుంది, కానీ ఒక హద్దు దాకానే. మెట్టు మరీ లోతైతే, వదులుకోవలసిన శక్తిని ఎక్కడ పెట్టాలో తెలియని పరిస్థితి వచ్చి వేగం తగ్గిపోతుంది. ఇది నమ్మశక్యంగా లేదని చాలామంది అనుకున్నారు. 1984లో మిల్లర్, క్లోస్ బృందం ప్రయోగంతో నిరూపించింది. మార్కస్‌కు నోబెల్ 1992లో వచ్చింది. మన ఎలక్ట్రాన్ ముందుకు దిగే మెట్టు తిరుగుదారితో పోలిస్తే చిన్నది. వెనక్కి వచ్చి రంధ్రంలో పడాలంటే మాత్రం ఒక ఎలక్ట్రాన్ వోల్టుకు అటూఇటూ లోతున్న పల్లం. ఆ లోతే దానికి అడ్డమవుతుంది.

ముందుకు పోయే 45 ఫెమ్టోసెకన్ల ప్రయాణం మార్కస్ లెక్కకు కూడా అందదు. పరమాణువులు సర్దుకునేంత వ్యవధే అక్కడ లేదు. ప్లాస్టిక్ వెన్నెముకలో రెండు కార్బన్ల జంటబంధం ఒకసారి సాగి ముడుచుకోవడానికే దాదాపు 23 ఫెమ్టోసెకన్లు కావాలి. అంటే రెండు ఊపుల్లో పని అయిపోతోంది. 2014లో ఓల్డెన్‌బర్గ్, మిలాన్, మోడెనా పరిశోధకులు కలిసి పీ3హెచ్‌టీ అనే ప్లాస్టిక్, పీసీబీఎంల మిశ్రమంలో ఆ ఊపులనే చూశారు. ఎలక్ట్రాన్ ఒక్కసారిగా అటు దూకలేదు. పరమాణువుల కంపనంతో జత కలిసి, సుమారు 25 ఫెమ్టోసెకన్ల లయలో రెండు అణువుల మధ్య ఊగింది. క్వాంటమ్ తరంగంగా అది కొంతసేపు రెండు చోట్లా ఉంది.

అయితే దాటిన ఎలక్ట్రాన్ స్వేచ్ఛ పొందినట్టేనా? పక్క అణువు మీద ఉన్నంత మాత్రాన రంధ్రపు లాగుడు పోదు. ఎడం ఒక నానోమీటరే అయితే బంధం ఇంకా 0.4 ఎలక్ట్రాన్ వోల్టు. దీని మీద ఆ 2014 ప్రాంతంలోనే గట్టి వాదం నడిచింది. దాటే ఊపులో మిగిలిన అదనపు శక్తే జంటను విడదీస్తుందని, అందుకే వేగం ముఖ్యమని ఒక పక్షం. కేంబ్రిడ్జ్‌లో రిచర్డ్ ఫ్రెండ్ బృందం, ఫుల్లరిన్లు గుంపుగా పేరుకున్న చోట 40 ఫెమ్టోసెకన్లలోనే ఎలక్ట్రాన్ 4 నానోమీటర్ల దూరం చేరిందని చూపింది. నాలుగు నానోమీటర్ల దగ్గర బంధం 0.1 ఎలక్ట్రాన్ వోల్టుకు పడిపోతుంది, ఇక వేడిమి ఆ పని పూర్తి చేయగలదు. అదే ఏడాది వాండెవాల్, సహచరులు ‘నేచర్ మెటీరియల్స్’లో దీనికి ఎదురు నిలిచే ఫలితం ఇచ్చారు. అదనపు శక్తేమీ లేకుండా, సరిహద్దు దగ్గరి అతి తక్కువ శక్తి స్థితిలోకే నేరుగా కాంతితో ఉత్తేజపరిచినా జంటలు అంతే సమర్థంగా విడిపోతున్నాయి అన్నారు. నా దృష్టిలో తర్వాతి పదార్థాల చరిత్ర వాండెవాల్ పక్షానికే ఎక్కువ బలమిచ్చింది.

ఆ చరిత్ర వోల్టేజితో మొదలవుతుంది. పీ3హెచ్‌టీ పీల్చే కాంతికి కనీస శక్తి దాదాపు 1.9 ఎలక్ట్రాన్ వోల్టులు. పీసీబీఎంతో కలిపిన ఘటం ఇచ్చేది సుమారు 0.6 వోల్టు. మిగిలిన 1.3 ఏమైంది? అందులో పెద్ద వాటా ఆ మెట్టు దిగడంలోనే పోయింది. ఎలక్ట్రాన్ వేగంగా దాటాలని లోతైన మెట్టు కట్టారు. కనీసం 0.3 ఎలక్ట్రాన్ వోల్టయినా ఉండాలని ఒక లెక్క కూడా స్థిరపడింది. మెట్టు దిగిన ప్రతి ఎలక్ట్రాన్ ఆ మేరకు తన శక్తిని వేడిగా వదులుకుంటుంది. ఆ ఘటాల సామర్థ్యం నాలుగైదు శాతం దగ్గర ఆగింది. సిలికాన్ ఘటంలో ఈ నష్టం 0.4 వోల్టు లోపే.

2015లో పెకింగ్ విశ్వవిద్యాలయంలో షియావ్వేయ్ ఝాన్ బృందం ఐటీఐసీ అనే అణువును తెచ్చింది. దాంతో ఫుల్లరిన్ కాని గ్రహీతల మీద నమ్మకం పుట్టింది. 2019లో చాంగ్షాలోని సెంట్రల్ సౌత్ విశ్వవిద్యాలయం నుంచి యింగ్‌పింగ్ జౌ బృందం వై6ను ప్రకటించింది. పీఎం6 అనే ప్లాస్టిక్‌తో కలిపితే 0.83 వోల్టు, 15.7 శాతం సామర్థ్యం. వై6 పీల్చే కాంతి శక్తి 1.4 ఎలక్ట్రాన్ వోల్టులకు లోపే, అంటే నష్టం 0.6 కన్నా తక్కువ. ఇక్కడ గ్రహీతే ఎర్రటి, పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. కాబట్టి దాటేది ఎలక్ట్రాన్ కాదు, రంధ్రం, వై6 నుంచి పీఎం6కు. మెట్టు చాలా చిన్నది. అందుకే దాటడానికి ఫెమ్టోసెకన్లు చాలవు, కొన్ని పికోసెకన్లు పడుతుంది.

మన సాగదీసిన గడియారంలో చూడండి. అయిదు పికోసెకన్లంటే రెండు నిమిషాలలోపు. వై6లో ఎక్సైటాన్ ఆయుష్షు నానోసెకను దాపు, అంటే ఆరు గంటలు. ఆరు గంటలు బతికేది రెండు నిమిషాలలో దాటితే పోయేదేమీ లేదు. పైగా అది పుట్టినచోటి నుంచి సరిహద్దు దాకా నడవడానికే నిమిషాలు పడుతుంది. అక్కడ ఒక సెకను ఆగిందా, వంద సెకన్లు ఆగిందా అన్నది లెక్కలోకే రాదు. ఏళ్ళ తరబడి మనల్ని మురిపించిన 45 ఫెమ్టోసెకన్ల వేగం అవసరానికి మించినది. దాని ఖరీదు వోల్టేజి రూపంలో కడుతూ వచ్చాం.

ఆకులోనూ, ఊదారంగు బ్యాక్టీరియాలోనూ ఈ లెక్క ఎప్పుడో కుదిరింది. బ్యాక్టీరియా చర్యాకేంద్రంలో మొదటి ఎలక్ట్రాన్ మార్పిడికి సుమారు 3 పికోసెకన్లు, తర్వాతి అడుగుకు 200 పికోసెకన్లు. పీల్చుకున్న ప్రతి ఫోటానూ దాదాపు తప్పకుండా ఒక ఎలక్ట్రాన్‌ను అవతలికి చేర్చుతుంది. అక్కడ అతివేగం లేదు. ప్రతి అడుగూ వెనక్కి వచ్చే అడుగు కంటే తగినంత వేగంగా ఉంది, అంతే.

వై6 సంతతితో ప్రయోగశాలల్లో కర్బన ఘటాల సామర్థ్యం ఇప్పుడు 20 శాతం దాటింది. అవి చదరపు సెంటీమీటరులో చిన్న వంతు విస్తీర్ణం ఉన్న ఘటాలు. పైకప్పు మీద ఏళ్ళ తరబడి ఎండకు నిలిచే పెద్ద పలకలుగా మారడానికి ఇంకా పని ఉంది. శాస్త్రం వైపు మిగిలిన లోటు మాత్రం తిరుగుదారిలో ఉంది. విడిపోయిన ఎలక్ట్రాన్లు, రంధ్రాలు పొరలో తిరుగుతూ మళ్ళీ ఎదురుపడతాయి. 2021లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ‘నేచర్’లో ఆ కలయికలను లెక్కగట్టారు. తీగలు కలపని స్థితిలో పీఎం6, వై6 ఘటంలో వాటిలో 90 శాతం, వెలుగు ఇవ్వలేని ట్రిప్లెట్ అనే స్థితిలోకి జారి వేడిగా ముగుస్తున్నాయి. ఈ దారి మూయగలిగితే దక్కేది 60 మిల్లీవోల్టులు. 0.83 వోల్టుల ఘటానికి అది నూటికి ఏడు వంతుల అదనపు విద్యుత్తు, అదే ఎండకు, అదే పొరకు.